వేడి కుండలు, తొంభై మూడు వేగం

కపెంబ్వాని జీవితంలో ఎవరూ తొందరపెట్టలేదు. గని మూసేసిన రోజున కూడా పెద్దసారు చేతులు కట్టుకుని, "నిదానంగా ఇంటికెళ్లండి, కబురు చేస్తాం" అన్నాడు. నిదానంగానే వెళ్లాడు. ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది, జుట్టు మాత్రం నెరిసిపోయింది. అలాంటి మనిషి ఆ శనివారం పొద్దున లువాన్షా నుంచి ఎన్‌డోలా పోయే రోడ్డు మీద, క్యాబేజీలు మోసే అద్దె లారీని, పుట్టి బుద్ధెరిగాక దానికి అలవాటు లేని వేగంతో తోలుతున్నాడు.

వెనకాల క్యాబేజీలు లేవు. ఆడవాళ్లున్నారు, కుండలున్నాయి. కుండలకి దుప్పట్లు చుట్టారు, దుప్పట్ల మీద, ఆడవాళ్లు నడుముకి చుట్టుకునే కొత్త చితెంగే గుడ్డలు కట్టారు. ఒకదాన్లో ఎండుచేపలు, ఒకదాన్లో వేరుశనగ ముద్దలో ఉడికిన ఆకుకూర, ఒకదాన్లో గొంగళిపురుగుల వేపుడు, ఒకదాన్లో చిక్కుడుగింజలు. అన్నిటికన్నా పెద్దదాన్లో న్షిమా, అంటే మొక్కజొన్నపిండి ముద్ద. ఆడవాళ్లు వాటి చుట్టూ కూర్చుని పాడుతున్నారు. చరణం అయిపోయినప్పుడల్లా లారీ ముందు గది పైకప్పు మీద దబదబా బాదుతున్నారు. ఆ చప్పుడుకి కపెంబ్వా కాలు దానంతటదే కిందకి దిగుతోంది.

పక్క సీట్లో చిబూయె అవ్వ కూర్చుంది. పేటలో పెళ్లి కావలసిన ప్రతి ఆడపిల్లకీ కాపురం నేర్పే నచింబుసా ఆవిడే. ఒళ్లో పెళ్లికొడుక్కి వండిన కోడికుండ ఉంది. కోడంటే పూర్తి కోడి, ఒక్క ముక్క కూడా తగ్గకూడదు. కందనకాయ లేదంటే పెళ్లే లేదు.

"ఇంకొంచెం తొక్కరా" అంది అవ్వ.

"ఇంతకన్నా తొక్కితే కాలు రోడ్డుకి తగుల్తుందవ్వా."

"తగిలితే పరిగెత్తు."

అవ్వ తొందరకి కారణం ఎన్‌డోలాలో కూర్చుని ఉంది. పేరు ఎలినేసి. పెళ్లికొడుకు జోండివేకి మేనత్త. పోయినసారి, అంటే 'పొయ్యి చూపించే' తంతు రోజున, వీళ్లు వంట వండుకుని బస్సులో వెళ్లారు. బస్సు దారిలో చెడింది. ఎలినేసి న్షిమాలో రెండు వేళ్లు పెట్టి, వేళ్లు పైకెత్తి అందరికీ చూపించి, "ఇది నిన్న వండారా, మొన్న వండారా? కప్ప పొట్టలా ఉంది" అంది. అక్కడితో ఆగినా బాగుండేది. "అమతెబెతో నాడు కూడా ఇలాగే చల్లటి కూడు తెచ్చారంటే పెళ్లి వచ్చే ఏడాదికి వేస్తాను. పిల్లకి ఈ లోపు అగ్గి అంటే ఏంటో నేర్పించండి" అని అందరి ముందూ తేల్చేసింది.

ఇవాళే ఆ అమతెబెతో. పెళ్లికి ముందు అమ్మాయి తరఫు ఆడవాళ్లు అబ్బాయికి వండిపెట్టే పెద్ద విందు. అమ్మాయి పేరు కసుబా, కపెంబ్వాకి అక్క కూతురు. మేనమామ ఎక్కడైనా సగం తండ్రే, వీళ్ల బెంబా తెగలో అయితే ముప్పాతిక. ఇంట్లో కసుబా ఫోను చేత్తో పట్టుకుని, గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. ఇంకో ఏడాది ఆగితే జోండివేని ఏ నర్సమ్మో ఎగరేసుకుపోతుందని దాని భయం. ఆ భయం న్యాయమైనదే. జీతం వచ్చే మొగుళ్లు ఆ చుట్టుపక్కల గుంతలేని రోడ్డంత అరుదు.

కపెంబ్వా ఇంకొంచెం తొక్కాడు. లారీ మొత్తం, అద్దాలతో సహా, పళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది.

అప్పుడే మామిడి చెట్టు వెనక నుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. తెల్ల తొడుగు వేసుకున్న చెయ్యి. ఈ దేశంలో రోడ్డు పూడ్చడానికి ఒక్క చెయ్యి దొరకదు గానీ, ఆపడానికి ఎప్పుడూ ఒకటి సిద్ధంగా ఉంటుంది.

లారీ ఆగడానికి కూడా చాలా దూరం తీసుకుంది. వెనక పాట మాత్రం ఆగలేదు. చెయ్యిగల మనిషి నడుచుకుంటూ వచ్చింది. సార్జెంటు, నలభై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ మొహం. చెట్టు కింద మూడు కాళ్ల మిషన్ దగ్గర ఒక కానిస్టేబులు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు.

"గుడ్ మార్నింగ్. ఇక్కడ ఎంతలో పోవాలో తెలుసా?"

"అరవై, మేడమ్."

"మీరు ఎంతలో వచ్చారు?"

"అరవైకి అటూ ఇటూ."

"ఎటు?"

కపెంబ్వా కాసేపు ఆలోచించాడు. "కొంచెం అటు."

"తొంభై మూడు."

"ఈ లారీయా మేడమ్? దీన్ని కొండ మీంచి తోసినా తొంభై మూడు పోదు. మీ మిషన్ గాలిని కొలిచుంటుంది."

"గాలికి నంబర్ ప్లేటు ఉండదు. లైసెన్సు ఇవ్వండి."

లైసెన్సు కోసం జేబు తడుముకుంటూ కపెంబ్వా ఆవిడ చొక్కా మీద పేరుపట్టీ చూశాడు. జెరె. ఆ రెండక్షరాలు చూడగానే గని జీతం పడినంత సంబరమైంది. జెరె అంటే ఎంగోనీల పేరు. బెంబాలకీ ఎంగోనీలకీ తాతల నాడు యుద్ధం. ఆ యుద్ధంలో ఎవరు గెలిచారో ఈనాటికీ తేలలేదు గానీ, పోరు అయ్యాక మిగిలింది వేళాకోళం. కోతులు తినేవాడివని ఎంగోనీవాడు బెంబావాణ్ణి తిట్టొచ్చు, ఎలకలు తినేవాడివని బెంబావాడు ఎంగోనీవాణ్ణి తిట్టొచ్చు. చావింట్లో శవం పక్కన కూడా తిట్టుకోవచ్చు. కోపం తెచ్చుకున్నవాడే తప్పు చేసినట్టు. బావామరదళ్ల వరసకి ఎంత చనువుందో ఇక్కడా అంతే, ఇంకాస్త ఎక్కువే.

"ఓరి నాయనో, నువ్వా మరదలా" అన్నాడు కపెంబ్వా, లైసెన్సు వెతకడం మానేసి. "ముందే చెప్పొద్దూ. ఇందాకటి నుంచీ మేడమ్ మేడమ్ అని నోరు నొప్పెట్టింది. చెట్టు వెనక నక్కి కూర్చున్నది ఎలకల కోసమా, లారీల కోసమా?"

సార్జెంటు లైసెన్సు కోసం చాచిన చెయ్యి అలాగే ఉంచింది.

ఈ మాట చెవిన పడగానే వెనక పాట ఆగిపోయింది. అరడజను తలలు లారీ పక్క నుంచి వేలాడాయి.

"ఎంగోనీ పిల్లే? ఏదీ, చూపించండి."

"మా తాత దగ్గర పాలేరుగా చేసినవాళ్ల మనవరాలు కాదూ నువ్వు? యూనిఫాం ఎవరిచ్చారే నీకు?"

"ఎలక తోక పళ్లలో ఇరుక్కుందేమో, అందుకే మాట్లాడట్లేదు."

"ఆ మిషన్ ఎలకలెంత వేగంగా పరిగెడతాయో కొలవడానికి తెచ్చుకున్నదమ్మా. లారీ మధ్యలో అడ్డమొచ్చింది."

కానిస్టేబులు ముక్కాలిపీటతో సహా మిషన్ వెనక్కి జరిగాడు. సార్జెంటు కలం మూత పెట్టి, అందరూ అయిపోయేదాకా నిలబడింది. అయిపోవడానికి కాస్త సమయమే పట్టింది. బెంబా ఆడవాళ్ల దగ్గర తిట్లకి కరువుండదు.

"అయిందా?" అంది చివరికి. "జెరె మా ఆయన ఇంటిపేరు. నా పుట్టిల్లు లువాపులా నది ఒడ్డు. మేం ఎలకలు తినం, చేపలు తింటాం. మీకూ నాకూ ఏ వరసా లేదు. డ్యూటీలో ఉన్న పోలీసు మనిషిని నడిరోడ్డు మీద తిట్టారు."

లారీ పక్క నుంచి వేలాడిన తలలు ఒక్కొక్కటే లోపలికి పోయాయి.

"ఊరడక్కుండా నోరు తెరిచావట్రా?" అంది చిబూయె అవ్వ మెల్లగా. "మీదే ఊరమ్మా అని అడగాలని మీ అమ్మ నేర్పలేదూ? మొగుడి పేరు చూసి ఆడదాన్ని తిడతావా, వెధవా?"

కపెంబ్వా లారీ దిగి, రోడ్డు అంచున గొంతుక్కూర్చుని, అరచేతులు దొప్పల్లా చేసి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. తప్పయిందని పెద్దవాళ్ల ముందు కొట్టే చప్పట్లు అవి. వెనకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే దిగారు. మగవాడైతే గొంతుక్కూర్చుంటే చాలు, ఆడవాళ్ల మర్యాద పెద్దది. కొత్త చితెంగేలతో, గంజి పెట్టిన తలగుడ్డలతో, వరసగా నేల మీద పడుకుని, ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లుతూ చప్పట్లు కొట్టారు. రాగి మోసుకుపోయే పెద్ద లారీ ఒకటి నెమ్మదించి హారన్ కొట్టింది. దాని డ్రైవరు తల బయటపెట్టి, "మేడమ్, ఇంత మందిని ఒకేసారి ఎలా పడగొట్టారు?" అని అడిగి పోయాడు.

సార్జెంటు ఇస్త్రీ మొహం మొదటిసారి నలిగింది. "లేవండమ్మా. లేవండి ముందు. నేను రాజుగార్ని కాను, సార్జెంటుని. లేవండి, జనం చూస్తున్నారు."

"మన్నించానని చెప్తే లేస్తాం."

"మన్నించాను."

"తొంభై మూడు కూడానా?" అన్నాడు కపెంబ్వా, కూర్చున్న చోటు నుంచే.

"తిట్లు నావి, కాబట్టి వదిలేశాను. తొంభై మూడు సర్కారుది. అదొక చలానా. సామాన్ల లారీలో మనుషుల్ని ఎక్కించడం రెండో తప్పు. ఈ లారీ కుండలతో కదలొచ్చు, ఆడవాళ్లతో కదలడానికి వీల్లేదు."

"మేడమ్, కుండలు వాటంతటవి మోకరిల్లవు. వాటంతటవి పాడవు. ఆడవాళ్లు లేకుండా తీసుకెళ్తే దాన్ని అమతెబెతో అనరు, హోటలు పార్సెలంటారు."

ఆ మాటకి సార్జెంటు పెదవి చివర ఏదో కదిలింది. కానీ తల అడ్డంగానే ఊగింది. "లోపల సీట్లున్న బండి పిలిపించుకోండి."

అటు పోయే మినీబస్సులన్నీ కిక్కిరిసి వెళ్తున్నాయి. కండక్టర్లు తలుపుల్లోంచి వేలాడుతూ "ఏం కూర?" అని అరుస్తున్నారు గానీ ఆపట్లేదు. లువాన్షాలో బండి ఉన్న చుట్టం ఒకడే, వాడి బండికి చక్రాలు లేవు. మిగిలింది ఒకటే దారి. కపెంబ్వా దానికన్నా గనిలోకి దూకడం నయమనుకున్నాడు. అయినా కసుబా మొహం గుర్తొచ్చి, జోండివేకి ఫోన్ చేశాడు. ఫోన్ ఎలినేసి ఎత్తింది. అలాంటివాళ్లే ఎత్తుతారు.

"ఎవరూ?"

"నేనమ్మా, కసుబా మేనమామని."

"ఇంకా బయల్దేరలేదా?"

"బయల్దేరాం. ఆగాం."

"లారీ చెడిందా?"

"లారీ బాగానే ఉంది. మరీ బాగా ఉంది. అదే వచ్చిన తంటా." ఉన్న సంగతంతా మింగలేక కక్కలేక చెప్పాడు. అవతల నుంచి చాలాసేపు ఊపిరి చప్పుడే వినిపించింది. అది నవ్వు ఆపుకుంటున్న ఊపిరి.

"పెళ్లివారు వంట మోసుకురావడం విన్నాను గానీ, పెళ్లికొడుకుని వంట దగ్గరికి మోసుకుపోవడం ఇప్పుడే వింటున్నా. సరే, వ్యాన్ వేసుకుని వస్తాం. కొంచెం నిదానంగానే వస్తాం, నాకు కుదుపులు పడవు. వచ్చాక ఒక్క వేలు పెట్టి చూస్తాను. చల్లగా తగిలిందా, పోయినసారి చెప్పిన మాట మీద ఉంటాను."

ఫోన్ పెట్టేసింది. కపెంబ్వా సంగతి చెప్పగానే ఆడవాళ్లు ఏడుస్తారనుకున్నాడు. వాళ్లు పనిలో పడ్డారు. కుండలన్నీ దింపి ఒకచోట ఆనించి పెట్టారు. పైన దుప్పట్లు, దుప్పట్ల మీద తమ పైగుడ్డలు. కపెంబ్వా తన ఒకే ఒక్క కోటు విప్పి న్షిమా కుండకి తొడిగి గుండీలు పెట్టాడు. అతనికన్నా కుండకే బాగా నప్పింది. లావుపాటి అక్కచెల్లెళ్లిద్దరు చెరో పక్క నుంచి కుండల్ని వాటేసుకుని కూర్చున్నారు.

"గట్టిగా పట్టుకోవే."

"ఈ ఒంటి వేడితోనే ఇన్నేళ్లు మొగుణ్ణి కాచాను. కుండ నాకొక లెక్కా?"

"అందుకే కాబోలు, ఆయన బయట పడుకుంటాడు."

చిబూయె అవ్వ మాత్రం కోడికుండ ఒళ్లోంచి దించలేదు. సార్జెంటు దూరంగా నిలబడి రోడ్డుకేసి చూస్తున్నట్టు నటించింది. కొంచెంసేపటికి చెట్టు నీడలో గాలి తగులుతోందని, కుండల్ని ఎండలోకి జరుపుకోమని, ఎవరితోనూ కాదన్నట్టు అంది.

కుండలు ఎండలోకి జరుపుతుండగా మిషన్ కూత పెట్టింది. కానిస్టేబులు ఒకసారి అంకె చూసి, మిషన్‌ని తట్టి, మళ్లీ చూశాడు.

"మేడమ్. నూట పద్దెనిమిది."

సార్జెంటు రోడ్డు మీదకి వెళ్లి చెయ్యెత్తింది. ఎన్‌డోలా వైపు నుంచి నీలం వ్యాన్ ఒకటి, ఆగమంటే ఏంటో మర్చిపోయినట్టు వచ్చి, చెట్టు దాటిపోయి, ఎంతో దూరాన ఆగి, సిగ్గుపడుతూ వెనక్కొచ్చింది. స్టీరింగ్ దగ్గర జోండివే. పెళ్లిచూపులకి కుట్టించిన సూటు, టై భుజం మీదకి ఎగిరిపోయి ఉంది. వెనక సీట్లలో అతని తరఫు ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. ముందు సీట్లో ఎలినేసి రెండు చేతులతో తలుపు పట్టుకుని, తలగుడ్డ కళ్ల మీదకి జారి, గాలివానలో దిష్టిబొమ్మలా ఉంది.

"ఇక్కడ ఎంతలో పోవాలో తెలుసా?" అంది సార్జెంటు.

"అరవై మేడమ్" అన్నాడు జోండివే.

"నూట పద్దెనిమిదిలో వచ్చారు. ఎవరు తొక్కమన్నారు?"

"ఎవరూ అనలేదు మేడమ్. అత్తయ్య నలభైలో పొమ్మంది. దారంతా అదే చెప్పింది."

"నలభై, నలభై అని నా గొంతు పోయింది" అంది ఎలినేసి తలగుడ్డ పైకి తోసుకుంటూ. "వీడికి చెవులు లేవు."

"మరి?"

జోండివే ఆడవాళ్లకేసి చూశాడు. కుండల్ని వాటేసుకున్నవాళ్లనీ, కోటు తొడుక్కున్న కుండనీ చూశాడు. తల దించుకున్నాడు. "నలభైలో వస్తే చల్లారిపోతాయి కదా మేడమ్. కసుబా తెల్లారకముందే లేచి వండి ఉంటుంది."

అమ్మాయి తరఫు ఆడవాళ్లందరూ నోళ్లకి చేతులడ్డం పెట్టి నాలుకలాడిస్తూ ఎంత కూత వేశారంటే, మామిడి చెట్టు మీది కాకులు లేచిపోయాయి. కపెంబ్వా మాత్రం వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. తాను తొంభై మూడు, వీడు నూట పద్దెనిమిది. ముప్పాతిక తండ్రికి పావు తండ్రి బాకీ ఎవరో తీర్చినట్టనిపించింది. ఇరవై ఏళ్లలో అతను సర్కారు మనిషి చేతిలో చూసిన అంకెల్లో నచ్చింది ఇదొక్కటే.

ఎలినేసి వ్యాన్ దిగి, సార్జెంటు పేరుపట్టీ చూసింది. మొహం విప్పారింది. "జెరె వాళ్ల కోడలివా? అయితే మా ఎంగోనీల కోడలివే. ఇంటి మనిషివి. చింపెయ్యమ్మా ఆ కాగితం."

"అత్తగారూ" అంది సార్జెంటు చాలా మర్యాదగా, "మీ సీటుకి బెల్టు లేదు. ఇంటి మనిషినని దాని మీద ఇంకో కాగితం రాయలేదు. రాయమంటారా?"

ఎలినేసి చప్పున కుండల వైపు తిరిగింది. "ఎత్తండి మరి. వ్యాన్‌లో పెట్టండి, ఇంటికి పోదాం."

"బండెక్కించకూడదు" అంది చిబూయె అవ్వ. "అబ్బాయి అడుగు ఎక్కడుందో ఇవాళ్టికి అబ్బాయి ఇల్లు అక్కడే. కుండ అతని ముందు దిగిందంటే మళ్లీ బండెక్కదు. చాప పరవండే."

"రోడ్డు పక్కన బంతిభోజనాలా?" అంది సార్జెంటు.

"మీ లువాపులాలో దిగిన కుండని మళ్లీ బండెక్కిస్తారా తల్లీ?"

సార్జెంటు ఆలోచించింది. "ఎక్కించరు. చెట్టుకి అవతలగా వేసుకోండి. నా మిషన్‌కి అడ్డం రాకూడదు."

చాప పడింది. సూటు వేసుకున్న జోండివేని దాని మీద కూర్చోబెట్టారు. ఆడవాళ్లు కుండలు నెత్తిన పెట్టుకుని, మోకాళ్ల మీద నడుస్తూ, పాడుతూ వచ్చారు. పోయే మినీబస్సులు ఇప్పుడు నెమ్మదించడం మొదలుపెట్టాయి. ఆ పొద్దున అక్కడ ఇంకెవరికీ చలానా పడలేదు. మొదటి కుండ మూత తియ్యబోతుంటే ఎలినేసి ముందుకొచ్చింది.

"ఆగండి. నా వేలు ముందు."

మూత తీశారు. వేరుశనగ ముద్దలో ఉడికిన ఆకుకూర. పైన పొగలేదు, నిశ్చలంగా, నున్నగా ఉంది. ఎలినేసి నవ్వుతూ రెండు వేళ్లు లోతుగా దించి, నిండా తీసి, నోట్లో పెట్టుకుంది. వేరుశనగ ముద్ద లోపల వేడిని ఎలా దాచుకుంటుందో వంటింటి మొహం చూసినవాళ్లందరికీ తెలుసు. ఎలినేసికి ఇంట్లో పనిమనుషులున్నారు.

ఆవిడ కళ్లు పెద్దవయ్యాయి. నోరు తెరుచుకుంది. చెయ్యి నోటి ముందు విసనకర్రలా ఆడింది.

"చెప్పు వదినా" అంది కుండని వాటేసుకున్న లావుపాటావిడ. "చల్లగా ఉందా?"

"హ్... హు..."

"ఎలకమాంసం తినే నోరు కదా, బెంబాల వంట కొత్తగా ఉండుంటుంది."

ఇది సరైన వరసలో పడిన తిట్టు కాబట్టి ఎలినేసి తిరిగి తిట్టాలి. తిట్టడానికి నాలుక లేదు. అటు ఇటు చూసి, ఎవరో ఇచ్చిన ముంకోయో, ఆ పులిసిన మొక్కజొన్న పానీయం, గటగటా తాగి, చివరికి, "ఉప్పు తక్కువ. కోతులు తినేవాళ్లకి ఉప్పేం తెలుసు" అంది.

"ఉప్పుకి పెళ్లి ఆగదు" అంది చిబూయె అవ్వ, కోడికుండ మొదటిసారి ఒళ్లోంచి దించి జోండివే ముందు పెడుతూ. "వచ్చే నెలే కదూ?"

ఎలినేసి తల ఊపింది. ఊపక ఏం చేస్తుంది, వాళ్లవైపు ఆడవాళ్లే అప్పటికి చిక్కుడుగింజల కుండలో చేతులు పెట్టేశారు.

తినమని సార్జెంటుని పిలిచారు. డ్యూటీలో తింటే లంచమంది. కందనకాయ తప్ప ఏ ముక్కయినా తీసుకోమన్నారు. అప్పుడు కూడా లంచమే అంది. రెండు కాగితాలూ రాయడం పూర్తిచేసి, టోపీ సర్దుకుని, చాప అంచున నిలబడి పద్ధతి ప్రకారం చదివింది.

"కపెంబ్వా, లువాన్షా. అరవై ఉన్నచోట తొంభై మూడు."

ఆడవాళ్లు కూత వేశారు.

"జోండివే న్జీమా, ఎన్‌డోలా. అరవై ఉన్నచోట నూట పద్దెనిమిది."

ఈసారి రెండు వైపుల ఆడవాళ్లూ కలిసి వేశారు. కానిస్టేబులు చెవులు మూసుకున్నాడు.

"ఇది నేరమమ్మా" అంది సార్జెంటు. "నేరం చదువుతుంటే కూతలెయ్యకూడదు."

కపెంబ్వా రెండు చేతులతో తన చలానా అందుకున్నాడు. చిబూయె అవ్వ అతని జేబులోంచి ఫోన్ లాగి, "కసుబాకి కలుపు" అంది. కలిపాడు. అవతల నుంచి "మామా, ఏమైంది మామా?" అని సన్నగా వినిపిస్తోంది. అవ్వ దాన్ని సార్జెంటు మొహం ముందు పెట్టింది.

"ఆ రెండోది ఇంకోసారి చదువు తల్లీ. మా పిల్ల వినాలి."

సార్జెంటు రోడ్డుకి అటూ ఇటూ చూసింది. కాగితం పైకెత్తి, ఇందాకటికన్నా కాస్త గట్టిగా, మొదటి నుంచి చదవడం మొదలుపెట్టింది.